రాని బస్సుకు రాసిన ప్రోగ్రాం

సిలబస్ మళ్లీ మారిందని మీరంతా మన లెక్చరర్ల గ్రూపులో ఏడుపు బొమ్మలు పెడుతుంటే నాకు నవ్వొస్తోంది. కోపం తెచ్చుకోకండి. ముప్పై ఏళ్లకు పైగా డిగ్రీ పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెప్పి, ఈమధ్యే శాలువా కప్పించుకుని ఇంటికొచ్చినదాన్ని. ఆ శాలువా ఇప్పుడు మా ఇంట్లో పాత కంప్యూటర్ మీద కప్పి ఉంది. ఇద్దరం ఒకేసారి రిటైరయ్యాం కదా, దానికీ కాస్త మర్యాద దక్కాలి.

నేను ఉద్యోగంలో చేరినప్పుడు కంప్యూటర్ గదిలోకి చెప్పులు విప్పి వెళ్లేవాళ్లం. కాలేజీ మొత్తానికి ఏసీ ఉన్నది ఆ గదికే. మధ్యాహ్నం భోజనం కాగానే ప్రిన్సిపాల్ గారు "ల్యాబ్ ఎట్ల నడుస్తుందో చూద్దాం" అంటూ వచ్చి, చివరి కుర్చీలో హాయిగా కునుకు తీసేవారు. ఆ తర్వాత సంగతి మీకు తెలిసిందే. ఒక భాష నేర్చుకుని పిల్లలకు చెప్పేలోపు ఇంకో భాష ఊడిపడేది. వేసవి సెలవుల్లో మా చుట్టాలంతా వేళాంగణి వెళ్తే, నేను ఖమ్మంలో కోచింగ్ సెంటర్‌కు వెళ్లేదాన్ని. ఒక ఏడాది అక్కడ పాఠం చెప్పడానికి వచ్చినవాడు నా దగ్గర రెండుసార్లు తప్పినవాడే. "మేడం, అర్థం కాకుంటే మొహమాటపడకుండ అడగండ్రి" అన్నాడు. ఆ మాట అనడానికి ఎన్నాళ్ల నుంచి ఎదురుచూస్తున్నాడో పాపం. నేనూ మొహమాటపడకుండా అడిగి అడిగి వాడి ప్రాణం తీశాను.

సరే, అసలు కథకు వస్తాను. మెషిన్ లెర్నింగ్ అనే పేపర్ మా కాలేజీలోకి మొదటిసారి వచ్చిన ఏడాది జరిగింది ఇది.

మా కాలేజీ ఖమ్మానికీ భద్రాచలానికీ మధ్య, మెయిన్ రోడ్డు వదిలి లోపలికి పోతే అడవి మొదలయ్యే చోట ఉంది. మా ల్యాబ్‌కు ఇంటర్నెట్ అటెండర్ ఫోన్‌లోంచి వచ్చేది. ఆ ఫోన్‌ను వెంటిలేటర్ గట్టు మీద, రోడ్డు వైపు తిప్పి పెడితేనే సిగ్నల్. ఆయనకు ఇంటి నుంచి ఫోన్ వచ్చిందంటే క్లాసు ఎక్కడిదక్కడ ఆగిపోయేది. "చింతపండు తెస్త గని జల్దీ పెట్టెయ్, పిల్లలు డౌన్‌లోడ్ చేస్తున్నరు" అని ఆయన స్టూలెక్కి అరిచేవాడు. ఆ చింతపండు సంగతి మా మూడు బ్యాచ్‌ల పిల్లలకు తెలుసు.

అలాంటి కాలేజీ నుంచి నన్ను యూనివర్సిటీ సిలబస్ కమిటీలో వేశారు. ఛైర్మన్ గారు మంచివారే కానీ తొందర మనిషి. "లోకం ఎక్కడికో పోయింది, మనమింక ప్రైమ్ నంబర్లు లెక్కవెట్టుకుంట కూసున్నం" అన్నారు. అది నిజమే, నేనూ తలూపాను. అయితే ఆయన కొత్త సిలబస్ తయారుచేసిన పద్ధతి వేరు. నగరంలో పేరున్న ఒక కాలేజీ సిలబస్ తెప్పించి, పైన వాళ్ల పేరు తీసేసి మా పేరు పెట్టించారు. ల్యాబ్ ప్రయోగాల్లో చివరిది ఇలా ఉంది: 'మీ దగ్గరి మెట్రో స్టేషన్‌కు తర్వాతి రైలు ఎప్పుడు వస్తుందో అంచనా వేసే ప్రోగ్రాం రాయండి.'

నేను చెయ్యెత్తాను.

"మేడం గారికి ఇంకో సమోసా ఇయ్యండ్రి" అన్నారు ఛైర్మన్.

"సమోసా కాదు సార్. మా దగ్గర మెట్రో లేదు."

"ఇమాజినేషన్ ఉండాలె మేడం. పిల్లలకు చంద్రుని గురించి చెప్తలేమా? మనం పోయి వచ్చినమా?"

అందరూ నవ్వారు. సంతకాలయ్యాయి. సమోసా మాత్రం బాగుంది.

అప్పటికింకా మేం ల్యాబ్ రికార్డులు చేత్తోనే రాయించేవాళ్లం. కుడివైపు పేజీలో ప్రోగ్రాం, ఎడమవైపు తెల్ల పేజీలో బొమ్మ. కంప్యూటర్ ప్రోగ్రాంకు బొమ్మెందుకని అడక్కండి. ఆ పేజీ ఖాళీగా కనిపిస్తే పరీక్షకు బయటి కాలేజీల నుంచి వచ్చే ఎక్స్‌టర్నల్స్ మార్కులు కోసేవారు, అంతే. మా పిల్లలు బుద్ధిగా మెట్రో బొమ్మ వేశారు. వాళ్లు దగ్గర నుంచి చూసిన రైలు కొత్తగూడెం వైపు బొగ్గు మోసుకెళ్లే గూడ్సు ఒక్కటే. కాబట్టి రికార్డులన్నిట్లోనూ మెట్రో నిండా బొగ్గే. ఒకడు పొగ కూడా పెట్టాడు. "పొగ ఎందుకురా?" అంటే "ఇమాజినేషన్ మేడం" అన్నాడు. ఛైర్మన్ గారి మాట క్లాసులో చెప్పింది నేనే లెండి, ఇంకెవర్ని అంటాను?

ఇక ప్రోగ్రాం సంగతి. ఫోన్లో ఏఐని అడిగితే అది చకచకా రాసిచ్చింది, నగరంలోని స్టేషన్ల పేర్లతో సహా. పిల్లలు అదే దించేశారు. ఆ స్టేషన్లు ఎక్కడున్నాయో వాళ్లకూ తెలియదు, నాకూ సరిగా తెలియదు.

ఆ బ్యాచ్‌లో ఒక అమ్మాయి ఉండేది. వాగు అవతలి ఊరు. ఇంట్లో కోయ భాష, మాతో తెలుగు, కంప్యూటర్‌తో ఇంగ్లీషు. మూడింట్లోనూ తక్కువే మాట్లాడేది. చాలా చురుకైన పిల్ల, కానీ వారంలో సగం రోజులు ఆలస్యం, మిగతా సగంలో కొన్ని నాగా. నాకసలే కోపమెక్కువ.

"బస్సు రాలే మేడం."

"నిన్న కూడా అదే అన్నావు."

"నిన్న గూడ రాలే మేడం."

"రోజూ ఇదే కథ! రుజువు చూపించు, నమ్ముతాను."

ఆ బస్సు గురించి కాస్త చెప్పాలి. భద్రాచలం నుంచి ఖమ్మం పోయే బస్సది. అడవి ఊళ్ల మీదుగా వచ్చి, మా కాలేజీ గేటు ముందు నుంచి పోవాలి, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. అయితే ఆ గతుకుల దారి ఎవడు పడతాడని, వచ్చే డ్రైవర్లలో చాలామంది మెయిన్ రోడ్డు మీదుగానే ఖమ్మం వెళ్లిపోయేవారు. అడవి ఊళ్లవాళ్లు రోడ్డు మీద నిలబడి నిలబడి, ఆటో కోసం చూసుకునేవారు.

మర్నాడు ఆ అమ్మాయి వచ్చి తన ఫోన్ నా బల్ల మీద పెట్టింది. ఆ దారిలోని ఊళ్ల పిల్లలంతా కలిసి పెట్టుకున్న గ్రూపు అది. బస్సు దొరికినవాళ్లు 'ఎక్కిన' అని పెడతారు, దొరకనివాళ్లు 'రాలే' అని పెడతారు. మధ్యలో కబుర్లు, తిట్లు కూడా ఉన్నాయి. డిగ్రీలో చేరినప్పటి నుంచి అన్నీ అలాగే ఉన్నాయి. వేలు పెట్టి పైకి జరుపుతూ పోతుంటే రాలే, రాలే, రాలే. ఎన్నిసార్లు ఈ పిల్లను గుమ్మం దగ్గర నిలబెట్టి అరిచాను!

"బిడ్డా, పుస్తకంలో డేటా డేటా అని రాస్తరు చూడు, అది ఇదే" అన్నాను. "మెట్రోను పక్కన పెట్టు. దీని మీద ప్రోగ్రాం రాయి."

రాసింది. గ్రూపులోని పాత మెసేజ్‌లన్నీ చూసి నేర్చుకున్న ప్రోగ్రాం అది. ఈ రోజు సంత ఉందా, వాన పడిందా, వాగు పొంగిందా అని అడుగుతుంది. మనం జవాబులిస్తే, బస్సు వస్తుందో రాదో చెప్తుంది. వారం రోజులు చూశాం. చెప్పిందల్లా నిజమైంది. అటెండర్ అయితే పొద్దున్నే వచ్చి "ఏమంటుంది మేడం మన జోస్యం?" అని అడిగి, దాన్నిబట్టి ఇంటికెళ్లే ఏర్పాటు చేసుకునేవాడు.

మూడో సంవత్సరం ఆఖరి పరీక్షలొచ్చాయి. ఆ అమ్మాయికి ఖమ్మంలో ఎంసీఏ సీటు వచ్చేట్టుంది. కావలసిందల్లా డిగ్రీ పాసైనట్టు కాగితం. అన్ని పేపర్లూ రాసేసింది, ఈ ల్యాబ్ పరీక్ష ఒక్కటే మిగిలింది. ఇది పోతే ఏడాది పోయినట్టే. ఏడాది ఇంట్లో కూర్చుంటే మళ్లీ పంపరని ఆమెకు బాగా తెలుసు, వాళ్లక్క చదువు అలాగే ఆగిపోయింది. "ఈ ఒక్క దినం గట్టెక్కితే సాలు మేడం" అని నాతో అన్నది. అంత పొడుగు వాక్యం ఆమె నోట నేను వినడం అదే మొదటిసారి.

నగరం నుంచి ఎక్స్‌టర్నల్ గారు వచ్చారు. నవ్వని మనిషి. సాయంత్రం ఖమ్మంలో రైలు పట్టుకోవాలని పొద్దున్నే రెండుసార్లు చెప్పారు. రికార్డులు తిరగేస్తూ ఒకచోట ఆగారు.

"ఇదేంది మేడం, మెట్రోల బొగ్గు పోసిండ్రు?"

నేను ఫ్యాను వేగం పెంచాను.

ల్యాబ్ పరీక్షలో ఏ ప్రయోగం చేయాలన్నది చిట్టీల మీద నడిచేది. ప్రశ్నలు చిట్టీల మీద రాసి, అటెండర్ టిఫిన్ డబ్బాలో వేసి కలిపేవాళ్లం. ఎవరు తీసింది వాళ్లకు. నచ్చకపోతే ఒకసారి మార్చుకోవచ్చు, కానీ కొన్ని మార్కులు పోతాయి. ఆ అమ్మాయి చెయ్యి పెట్టింది, చిట్టీ విప్పింది. మెట్రో!

దగ్గరికెళ్లి నెమ్మదిగా అన్నాను, "మార్చుకో బిడ్డా. మార్కులు తగ్గినా పాసైతవ్."

"మార్చ మేడం. నా బస్సు ప్రోగ్రాం ఉంది కద."

"అది సిలబస్‌ల లేదు తల్లీ."

"ఉండాలె కద మేడం" అని కంప్యూటర్ ముందు కూర్చుంది. చెప్పానుగా, తక్కువ మాట్లాడుతుంది. మాట్లాడినప్పుడు మాత్రం మనం మాట్లాడలేం.

ఎక్స్‌టర్నల్ గారు ఆమె దగ్గరికొచ్చారు. నేను వెనకాలే నిలబడి చెమటలు తుడుచుకుంటున్నాను.

"మెట్రో ఏదమ్మా?"

"మెట్రో మా దిక్కు రాదు సార్. బస్సు మీద చేసిన."

"బస్సు వస్తదా మరి?"

"బస్సు గూడ రాదు సార్. గని మెట్రో ఎందుకు రాదో నాకు తెల్వది, బస్సు ఎందుకు రాదో తెలుసు."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. సంత ఉంది అని నొక్కారు. రాదు. సంత లేదు. రాదు. వాన. రాదు. ఎండ. రాదు. వాగు పొంగింది. రాదు. వాగు ఎండిపోయింది. అప్పుడు కూడా రాదు.

"ఎప్పుడన్న వస్తదంటదా ఇది?"

అమ్మాయి అన్నీ ఇంకోసారి నొక్కి చూసింది. నేనూ అప్పుడే చూశాను ఆ సంగతి. ఎక్కువ రోజులు రాని బస్సును చూసి చూసి, ఏం అడిగినా రాదనడమే మేలని ఆ ప్రోగ్రాం నేర్చేసుకుంది. ఎక్కువసార్లు అది నిజమవుతుంది, మేమేమో జోస్యం ఫలించిందని చంకలు గుద్దుకున్నాం.

"రాదు రాదు అననీకి కంప్యూటర్ ఎందుకమ్మా? మా ఇంట్ల మా అత్తమ్మ చాలు" అన్నారాయన. నవ్వలేదు. నవ్వాలో వద్దో మాకూ తెలియలేదు. "వచ్చే దినాన్ని పట్టుకుంటేనే అది ప్రోగ్రాం. నిన్ను పాస్ చెయ్యాల్నా వద్దా? ఇయ్యాల ఏమంటుంది మరి?"

"రాదు అంటుంది సార్."

ఆయన మార్కుల షీటు మడిచి జేబులో పెట్టుకున్నారు. "సరే, చూద్దాం పా. నేను ఆ బస్సుకే పోత."

అటెండర్ పరుగున వచ్చి "సార్, బండి మీద రోడ్డు దాక దించుత" అన్నాడు. అక్కర్లేదన్నారు. పట్టుదల మనిషి. ఇంకేం చేస్తాం, సార్ పెట్టె అటెండర్ పట్టుకోగా, ఎక్స్‌టర్నల్ గారు ముందు, అమ్మాయి వెనక, ఆ వెనక నేను, నా వెనక బ్యాచ్ మొత్తం గేటు ముందున్న సిమెంటు దిమ్మ దగ్గరికి ఊరేగింపుగా నడిచాం.

నా అవస్థ చూడండి. బస్సు వస్తే అమ్మాయి ప్రోగ్రాం తప్పు, రాకపోతే సార్ రైలు పోతుంది. ఆ కోపంలో జేబులోని షీటు మీద ఏం రాస్తారో దేవుడికే తెలియాలి. నేను మెడలో శిలువ పట్టుకుని ప్రార్థన మొదలుపెట్టాను గానీ, ఏమని అడగాలో తెలియక మధ్యలో ఆపేశాను.

రోడ్డు మీద మిర్చి కూలీల ఆటోలు తప్ప ఏమీ లేవు. కాసేపయ్యాక ఎక్స్‌టర్నల్ గారే గొంతు తగ్గించి అన్నారు, "రాని దినాలన్ని ఒక్కతీరుగనే ఉంటయమ్మా. వచ్చిన దినాలు తియ్యి. అండ్ల ఏమున్నదో చదువు."

అమ్మాయి ఫోన్ తీసింది. 'ఎక్కిన' అని ఉన్న మెసేజ్‌లు మాత్రం వెతికి వెతికి చదవడం మొదలుపెట్టింది. పక్కనే పిల్లలు మూగారు.

"ఎక్కిన. నడిమిట్ల కోడి కోసం ఆగింది."

"ఎక్కిన. మళ్ల ఆ ఇంటి కాడ ఆపిండు, చికెన్ వాసన."

"ఎక్కిన. మీసాల డ్రైవర్ బోనాలు తీస్కపోతుండు."

అక్కడ పిల్లలంతా గొల్లుమన్నారు. బోనాలంటే పండగ కాదు, టిఫిన్ క్యారియర్. అమ్మాయి మాత్రం నవ్వలేదు. కళ్లు పెద్దవి చేసుకుని ఫోన్ వైపే చూస్తోంది. ఉన్నట్టుండి ఎవరికో ఫోన్ చేసింది. భద్రాచలంలో బస్టాండు ముందు టీ బండి పెట్టుకున్న వాళ్ల మేనమామకట.

"మామా, ఇయ్యాల మన దిక్కు బస్సు డ్రైవర్ ఎవలు?" అని అడిగి, విని, పెట్టేసింది. తర్వాత ఎక్స్‌టర్నల్ గారి వైపు తిరిగింది.

"సార్, బస్సు వస్తది."

"ఇందాక రాదన్నవ్ కద?"

"ఇందాక డ్రైవర్ ఎవలో అడగలే సార్. ఇయ్యాల మీసాలాయన డ్యూటీ అంట. ఆయనకు ఈ అడివి దారిల అత్తగారి ఊరు ఉందంట, మామ చెప్పిండు. ఆయన డ్యూటీల ఉంటే ఇటే వస్తడు, అన్నం తిని పోతడు. వాగు కాదు, సంత కాదు సార్. అత్తగారి ఊరు."

ఆయన గడియారం చూసుకున్నారు. "ఎంతసేపట్ల?" అని మాత్రం అడిగారు.

"కోడి అయితే లేటు సార్. పప్పు అయితే జల్దీ."

ఆ రోజు పప్పే అయి ఉంటుంది. మలుపు దగ్గర దుమ్ము లేచింది, దుమ్ములోంచి బస్సు, బస్సులోంచి మీసాలు. పిల్లలు వేసిన కేకకు చెట్టు మీది కొంగలు లేచిపోయాయి. నేను కూడా కేక వేశానని అటెండర్ ఇప్పటికీ చెప్తాడు, నేను ఒప్పుకోను.

ఎక్స్‌టర్నల్ గారు బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టి, జేబులోంచి షీటు తీశారు. డ్రైవర్ హారన్ కొట్టాడు. "ఆగయ్యా, నీ గురించే రాస్తున్న" అని ఆయన గద్దించారు. మోకాలి మీద పెట్టుకుని మార్కులు వేసి, నా సంతకం కోసం చాపారు. చూశాను. బ్యాచ్‌లో అందరికన్నా ఎక్కువ ఆమెకే. సంతకం పెట్టి షీటు తిరిగిచ్చాను. రోడ్డు మీద, పిల్లల ముందు ఏడ్చాను. సిగ్గేమీ లేదు.

"డ్రైవర్ ఎవలని ఇంకొక కాలమ్ కలుపమ్మా" అన్నారాయన కిటికీలోంచి. కొంతదూరం పోయాక అమ్మాయి ఫోన్ మోగింది. ఆమె నంబరు ఎప్పుడు తీసుకున్నారో ఏమో, ఒకే ఒక్క మాట పంపారు: 'ఎక్కిన.'

తర్వాతి సిలబస్ సమావేశంలో మెట్రోను తీసేసి ఆ బస్సును పెట్టాం. అమ్మాయి ప్రోగ్రాంలోని ప్రశ్నలన్నీ ఉన్నవి ఉన్నట్టే ఎక్కించాం, 'డ్రైవర్ అత్తగారి ఊరు ఈ దారిలో ఉందా' అనే దానితో సహా. "గిదీ ఇమాజినేషన్ అంటే!" అని ఛైర్మన్ గారు బల్ల గుద్దారు. ఈసారి రెండు సమోసాలు నేనే అడిగి తీసుకున్నాను.

ఆ అమ్మాయి ఎంసీఏ పూర్తి చేసి, ఇప్పుడు సముద్రం ఒడ్డున ఒక పెద్ద నగరంలో పాఠాలు చెప్తోంది. మొన్న ఫోన్ చేసింది. నవ్వు ఆపుకోలేక ఆగి ఆగి చెప్పింది.

"మేడం, మాకు కొత్త సిలబస్ వచ్చింది. ఎక్కడిదో ఎత్తుకొచ్చిండ్రు. ఆఖరి ప్రయోగం చదవమంటరా? వాగు పొంగిందా, సంత ఉందా, డ్రైవర్ అత్తగారి ఊరు..."

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. "మీ దగ్గర వాగేది బిడ్డా?"

"వాగు లేదు, సంత లేదు మేడం. ఒక పిల్లగాడు రికార్డుల బస్సు బొమ్మేసి, పక్కన అత్తగారి బొమ్మ గూడ ఏసిండు."

ఇద్దరం నవ్వి నవ్వి అలిసిపోయాం. "మరి వాళ్లకు ఏం చెప్పినవ్?" అని అడిగాను.

"మా ఊరి బస్సుతోటి మీకేం పని, మీ దిక్కు ఏది రాదో దాని మీద రాయుండ్రి అన్న మేడం."

నాలోని పాత లెక్చరర్ ఊరుకోలేదు. "సిలబస్‌ల ఉన్నది చెయ్యకుంటే ఎక్స్‌టర్నల్ వచ్చి అడుగుతడు. అప్పుడేం చేస్తవ్?"

"బస్టాప్ కాడికి తీస్కపోత మేడం" అంది.